ఫెంకట్ అడిగిన చుక్క

అంబాజీపేట సెంటర్లో టీ కొట్టు నడిపిన రోజుల్లోనే వెంకటసత్యనారాయణ ఒక సంగతి గమనించాడు. లోకంలో ఉన్న గొడవలన్నిటికీ పరిష్కారం తెలిసిన పెద్దమనుషులంతా ఒక్క టీని ఇద్దరు పంచుకుని తాగుతారు. గ్లాసు ఎవరి చేతిలో పగిలిందయ్యా అంటే మాత్రం ఒక్కడూ నోరు మెదపడు. కువైట్ వచ్చాక చూస్తే ఇక్కడా అదే బాపతు. కాకపోతే ఇక్కడ ఏసీ ఉంటుంది, ఖర్జూరాలుంటాయి, పగిలే సామాను కాస్త ఖరీదైనది.

రుమైథియా అనే పేటలో అబూ నాసిర్ ఇంట్లో అతని కొలువు. అబూ నాసిర్ అంటే కఫీలు, యజమాని, ఇంట్లో అందరికీ బాబా. నీళ్ల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆ ఇంటి ముందువైపు మగవాళ్లు చేరి కబుర్లాడుకునే పొడవాటి గది ఉంది, దాన్ని దివానియా అంటారు. సాయంత్రం నమాజు అయ్యిందంటే బాబా స్నేహితులు ఒక్కొక్కరే వచ్చి గోడవారన పరుపుల మీద కూలబడతారు. వాళ్లకి కాఫీ పోయడమే సత్యనారాయణ పని.

కాఫీ పోయడం ఏం పనండీ అని తీసిపారెయ్యకండి. ఎడంచేత్తో పొడుగు ముక్కున్న ఇత్తడి కూజా పట్టుకోవాలి, కుడిచేత్తో చెవుల్లేని బుల్లి కప్పులు అందించాలి. కప్పులో అడుగున కాస్త మాత్రమే పోయాలి. నిండా పోశావంటే, తాగి దయచెయ్యి అని ముఖం మీద చెప్పినట్టే లెక్క. తాగినాయన కప్పు అటూ ఇటూ ఊపితే చాలన్నమాట, ఊపకపోతే పోస్తూనే ఉండాలి. వాదన ముదిరిందంటే ఊపడం ఎవరికి గుర్తుంటుంది! గాలిలో చేతులు ఊపుతారు గానీ కప్పు ఊపరు. పాపం ఆ పెద్దమనుషులు ఇంటికెళ్లి నిద్ర పట్టక దొర్లేవాళ్లు, ఎందుకు పట్టట్లేదో తెలిసేది కాదు. పాసుపోర్టులోని ఇంగ్లీషు 'V' అరబ్బుల నోట 'ఫ' అవుతుంది కాబట్టి అక్కడ అతని పేరు ఫెంకట్. మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత అలవాటైపోయింది.

సత్యనారాయణ విమానం ఎక్కేనాటికి భార్య చంద్రావతికి ఐదో నెల. ఇప్పుడు కూతురు లక్ష్మీదుర్గకి నడక వచ్చింది, పరుగొచ్చింది, అలగడం కూడా వచ్చింది. ఇంతవరకూ తండ్రి ఆ పిల్లని కళ్లతో చూడలేదు, ఎత్తుకోలేదు. రోజూ ఫోన్లో మాట్లాడతాడు కాబట్టి ఆ పిల్ల లెక్కలో నాన్నంటే ఫోనే. ఫోనుకి ముద్దులు పెడుతుంది, పక్కలో పడుకోబెట్టుకుంటుంది. ఓ రోజు నాన్నకి ఆకలేస్తోందని పెరుగన్నం తినిపించింది. ఫోను పాడైపోతే నాన్న చచ్చిపోయాడని పిల్ల ఒకటే ఏడుపట. అది విన్న రోజున సత్యనారాయణ స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనూ ఏడ్చాడు.

ఎట్టకేలకు సెలవు దొరికింది. శుక్రవారం విమానం. పాసుపోర్టు ఇంకా బాబా బీరువాలోనే ఉన్నా, అది అతని చేతికి రావడం ఖాయం. అయినా చంద్రావతికి నమ్మకం కుదరలేదు.

"ఏవండోయ్, కార్తీకమాసం వచ్చింది. సోమవారం ఉపవాసం ఉండండి. చుక్క చూశాకే ఎంగిలిపడాలి, ఈలోపు మంచినీళ్లు కూడా ముట్టకూడదు. మీ సెలవుకి ఏ అడ్డూ రాకూడదని శివయ్యకి మొక్కేశాను" అంది ఫోన్లో.

"ఉపవాసం నాదీ, మొక్కు నీదీనా?"

"ఆయ్. సెలవు మీదే కదండీ మరి!"

ఆ వారమే గాజాలో యుద్ధం మొదలైంది. దివానియాలో టీవీ కట్టేవాళ్లు లేరు. అటు బాంబులు, ఇటు రాకెట్లు, రెండువైపులా పిల్లల్ని పట్టుకుని పరిగెత్తే తల్లులు. ఒక ప్రతినిధి తెర మీదికొచ్చి ముందు మొదలుపెట్టింది వాళ్లే అంటాడు. అతను వెళ్లగానే ఇంకో ప్రతినిధి వచ్చి, కాదు వాళ్లే అంటాడు. ఇదిగో ఈ నెత్తురంతా ఎవరి ఖాతాలో వెయ్యాలన్నదే దివానియాలో రోజూ రచ్చ.

"హుకుం ఇచ్చినవాడిదే పాపం!" అనేవాడు ఖాలిద్. బాబా బావమరిది. డేగలతో వేటాడే సరదా ఉన్న ఆరడుగుల మనిషి. తన చూపు తన డేగ చూపుకి ఏమాత్రం తీసిపోదని అడక్కపోయినా చెబుతూ ఉంటాడు.

"ఆయుధం అమ్మినవాడిది" అనేవాడు పక్కనున్న బ్యాంకాయన.

"చేతులు కట్టుకు కూర్చున్న మనందరిదీ" అనేవాడు మూలనున్న ముసలాయన. ఆ మాట అంటూనే ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకునేవాడు.

వాళ్లలో ఒక్కాయనది మాత్రం పాలస్తీనా. గాజాలో పుట్టి, కువైట్లో లెక్కల మాస్టారుగా తల నెరిసిన మనిషి. బాబా పిల్లలంతా ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లే. అందరూ ఉస్తాద్ అంటారు. మిగతావాళ్లు వాదించుకోడానికి టీవీ చూస్తే, ఆయన చెల్లెలి వీధి కనపడుతుందేమోనని చూసేవాడు. ఆవిడకి ఫోను కలవడం లేదు. "ఎవరిదైతేనేం. అటువాడో, ఇటువాడో ఒక్కడు ముందుకొచ్చి ఇది చేసింది నేనే అంటే వినాలని ఉంది" అనేవాడు. ఆ మాట టీవీ రొదలో ఎవరికీ వినపడేది కాదు.

సోమవారం రానే వచ్చింది. ఏడాది పొడవునా పెనంలా మాడే కువైట్ ఆకాశానికి, సరిగ్గా ఆ రోజే మబ్బు పట్టాలని బుద్ధి పుట్టింది. పొద్దు గూకినా ఒక్క చుక్క లేదు. దివానియా నిండిపోయింది. పేగులు అరుస్తున్నాయి, కాఫీలో వేసిన యాలకుల వాసన ప్రాణం తీస్తోంది. సత్యనారాయణ ఒక కప్పు పోస్తాడు, కిటికీ దగ్గరికెళ్లి మెడ సారిస్తాడు, మళ్లీ వచ్చి ఇంకో కప్పు పోస్తాడు.

"ఏం ఫెంకట్, విమానాలేమైనా వస్తున్నాయా?" అన్నాడు బాబా.

"మాఫీ బాబా, మాఫీ" అన్నాడు. ఏమీ లేవండీ అని దానర్థం. చుక్కలు కూడా లేవని మనసులో అనుకున్నాడు.

వంటగదిలోకి వెళితే నాగేశ్వరి తగులుకుంది. రాయచోటి పక్క మనిషి, ఆ ఇంట్లోనే పని, నోరు పెద్దది.

"ఏంది సత్తెన్నా, అట్ల దిక్కులు జూస్తాండావ్? గమ్మున రెండు మెతుకులు తినకూడదా? మబ్బులోనుంచి మీ శివయ్యకి మాత్రం నువ్వు కనపడతావా ఏంది?"

"అలా అనకండి నాగేశ్వరిగారూ! సెలవు చెడిపోద్ది."

మళ్లీ దివానియాలోకి వెళ్లేసరికి తెర మీద ఎవరో ప్రతినిధి అనర్గళంగా చెబుతున్నాడు. చనిపోయిన పిల్లలకి తాము బాధ్యులు కారట. ఖాలిద్ ముఖం కందగడ్డయింది. "అబద్ధం! పచ్చి అబద్ధం! చేసిన పని ఒప్పుకోలేనివాడు మగాడా?" అని అరుస్తూ కప్పు చాపాడు. సత్యనారాయణ కూజా వంచాడు. అప్పుడే కిటికీలో ఏదో మినుక్కుమంది. అటు చూస్తూ ఇటు పోసేశాడు. కప్పు అంచుదాకా నిండి పొర్లింది. ఆ మినుక్కు ఏ కారు లైటో, అది కాస్తా పోయింది. అయ్యో అనుకుంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. వెనకాల ఠాప్‌మని చప్పుడు.

తిరిగి చూస్తే టీవీ తెర నడిమధ్యన చిల్లు. చిల్లు చుట్టూ సాలెగూడు. కింద కప్పు ముక్కలు. ప్రతినిధి గొంతు మాత్రం ఇంకా వినపడుతూనే ఉంది, బాధ్యులం కాము అంటూ.

"ఎవరు?" అన్నాడు బాబా.

ఇంతసేపూ ప్రపంచాన్ని బోనులో నిలబెట్టిన ఆ గదిలో ఒక్కొక్కరూ తప్పుకోవడం మొదలుపెట్టారు! బ్యాంకాయన తను ఫోను చూసుకుంటున్నానన్నాడు. ముసలాయన కునుకు తీస్తున్నానన్నాడు, పళ్ల మధ్య ఖర్జూరం గింజతో. ఖాలిద్ వేళ్లు ఊదుకుంటూ లేచాడు.

"చూడండి, ఈ ఇండియావాడు నిండా పోశాడు! చెయ్యి కాలింది, కప్పు జారింది. తప్పు పోసినవాడిది. అసలు వీడి ధ్యాసంతా ఊరి మీదే ఉంది. ఆ సెలవు ఆపు, బుద్ధొస్తుంది."

సత్యనారాయణ గబగబా కూజా కింద పెట్టేశాడు. నిండా పోసిన మాట నిజమే! కప్పు జారితే అంత దూరం వెళ్లి, అంత గట్టిగా, తిన్నగా ఆ ప్రతినిధి ముక్కు మీదే ఎలా తగిలిందన్న అనుమానం అతనికి రాలేదు. తప్పు చేశానన్న భయంలో అలాంటి అనుమానాలు ఎవరికొస్తాయి?

బాబా కోపం మీదున్నాడు. "సెలవు ఖలాస్! ఎండాకాలం చూద్దాం" అనేశాడు.

ఎండాకాలమట! అప్పటికి పిల్ల ఫోనుకి అన్నప్రాశన దాటించి అక్షరాభ్యాసం కూడా చేసేస్తుంది. సత్యనారాయణ కింద కూర్చుని కప్పు ముక్కలు ఏరుతుంటే కళ్లు మసకబారిపోయాయి. ఉస్తాద్ మాత్రం పగిలిన తెరనే చూస్తూ కూర్చున్నాడు. ఇక ఆయన చెల్లెలి వీధి కనపడే దారి లేదు.

అబూ నాసిర్ కోపం పాలపొంగు. మనిషి మంచివాడు. పదిమందిలో పనివాణ్ని తిట్టి అలా వదిలెయ్యడం ఆయనకి చేతకాదు. స్వయంగా లేచి, కూజా అందుకుని, ఒక కప్పులో అడుగున కాస్త కాఫీ పోసి, "కూర్చో ఫెంకట్. తాగు" అన్నాడు.

ఇన్నాళ్లలో ఆ గదిలో సత్యనారాయణ పరుపు మీద కూర్చోవడం అదే మొదలు. తాగితే ఉపవాసం పోతుంది. వద్దంటే బాబా పరువు పోతుంది. ఏం చెయ్యాలో తోచక కప్పు రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, తాగకుండా ముందున్న తివాచీ మీద పెట్టాడు.

అంతే. ముసలాయన గింజ మింగేశాడు.

విషయమేమిటంటే, ఎడారి రోజులనాటి మర్యాద ఒకటుంది. అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే గృహస్థుని ఏదో కోరబోతున్నాడని అర్థం. అది ఇస్తానని మాట ఇచ్చేదాకా ముట్టడు. ఇవ్వకపోతే గృహస్థుకి తలవంపులు. ఎప్పుడూ పోసేవాడే తప్ప కూర్చున్నవాడు కాదు కాబట్టి ఈ ముక్క సత్యనారాయణకి తెలియదు. బాబాకి తెలుసు. ఆయన తాతగారు ఇలాంటి కప్పు ముందు ఒంటెనే ఇచ్చేశారని రంజాన్ నెలంతా చెబుతుంటాడు.

బాబా గంభీరంగా నిటారయ్యాడు. "కాఫీ తాగు ఫెంకట్. నీ కోరిక తీరినట్టే. ఏం కావాలో అడుగు."

తలుపు సందులోంచి చూస్తున్న నాగేశ్వరికి ఈ మర్యాద తెలుసు, ఇరవై ఏళ్ల అనుభవం మరి. సెలవు అడుగన్నా, సెలవు అడుగు అని పెదాలతో ఒకటే సైగలు. సత్యనారాయణ అటు చూస్తేనా! ఎందుకు తాగడం లేదని అడుగుతున్నారనుకుని వేలు పైకి చూపించి, తనకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకున్నాడు.

"బాబా... మాఫీ నజ్మ, మాఫీ గహ్వా." చుక్క లేదు, కాబట్టి కాఫీ లేదు!

నాగేశ్వరి నెత్తి కొట్టుకున్న చప్పుడు గదిలోకి వినపడింది.

"చుక్క కావాలా?" అన్నాడు బాబా.

"ఆయ్" అన్నాడు సత్యనారాయణ.

తాత ఒంటె ఇచ్చాడు, మనవడు చుక్క ఇవ్వలేడా? "యల్లా! అందరూ డాబా మీదకి!" అని బాబా చెప్పులేసుకున్నాడు. పాదాల దాకా వేలాడే తెల్లటి దిష్‌దాషాలు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని పెద్దమనుషులంతా మెట్లెక్కారు. ముసలాయన్ని వెనక నుంచి బ్యాంకాయన తోశాడు. వాళ్లకన్నా ముందే వెనక మెట్ల మీంచి నాగేశ్వరి వచ్చి, ఆరేసిన దుప్పట్ల చాటున నక్కింది.

పైన ఇంకో రచ్చ. బ్యాంకాయన అదిగో చుక్క అన్నాడు, అది దిగుతున్న విమానం. ముసలాయన ఇదిగో అన్నాడు, అది పక్కింటి స్తంభం మీది దీపం. దీపం కాదని ఆయనా, దీపమేనని వీళ్లూ. సత్యనారాయణ గిరగిరా తిరుగుతూ వెతుకుతున్నాడు. ఇంతలో ఖాలిద్ ఒక్క అరుపు అరిచాడు.

"చూశా! మబ్బు కన్నంలో ఉంది! అందరికంటే ముందు నేను చూశా!"

"ఎక్కడ?" అన్నారంతా.

"నా సాక్ష్యం ఒప్పుకుంటేనే చూపిస్తా. పండగ నెలవంకకి సాక్షుల పేరు చెప్పుకుంటారా లేదా? రేపు దివానియాలో నా పేరు చెప్పాలి."

అప్పుడు ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు, తరగతి గదిలో లాగా. "సాక్ష్యం చెల్లాలంటే సాక్షి నిజాయితీపరుడై ఉండాలి. ఇందాక కప్పు జారిందన్నవాడి మాట మీద చుక్కని ఎలా నమ్మడం?"

ఖాలిద్ గిర్రున వెనక్కి తిరిగాడు. "దానికీ దీనికీ సంబంధం ఏమిటి?"

"ఉంది" అన్నాడు బాబా తీర్పు చెబుతున్నట్టు. "ముందు కప్పు. తర్వాత చుక్క."

మబ్బు కన్నం పూడుకుపోతోంది, అది ఖాలిద్‌కొక్కడికే కనపడుతోంది. సత్యనారాయణ పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "బాబ్బాబు, ఎక్కడుందో చెప్పేయండి బాబూ! మా ఆవిడ ఊరుకోదండీ!" అన్నాడు అచ్చ తెలుగులో. ఖాలిద్ ఆకాశం చూశాడు, బావని చూశాడు, తన చెయ్యి పట్టుకుని వేలాడుతున్న ఈ ఆకలి మనిషిని చూశాడు. చివరికి ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ చేతిలో ఫోను, అవతల ఎవరూ ఎత్తని ఫోను.

"నేనే!" అని అరిచాడు ఖాలిద్. "చెయ్యి కాలలేదు, కప్పు జారలేదు. నేనే విసిరాను! ఆ అబద్ధాలకోరు ముఖం చూడలేక విసిరాను. సరేనా? అదిగో చుక్క, నీళ్ల ట్యాంకు పైన, కుడిపక్కన!"

ఉంది! చిన్నది, మసకమసకగా, అయినా చుక్కే. సత్యనారాయణ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకున్నాడు. రెండో సాక్షిగా బాబా తలూపాడు. బ్యాంకాయన చప్పట్లు కొట్టాడు. ఉస్తాద్ ఖాలిద్ భుజం మీద చెయ్యేశాడు. "వారమంతా టీవీ చూశాను. ఈ ఒక్క మాట వినడానికి అది పగలాల్సి వచ్చింది" అన్నాడు.

"మీరు చూసుకునే టీవీ పగలగొట్టాను ఉస్తాద్. మా ఇంటికి పదండి, మా టీవీలో చూద్దురు గాని. ఫోను కలిసేదాకా నేనూ కూర్చుంటాను" అన్నాడు ఖాలిద్, తల దించుకుని.

సత్యనారాయణకి కూడా మనసాగలేదు. "బాబా, నిండా పోసింది మాత్రం నేనేనండి" అన్నాడు, చేతులతో కప్పు నిండినట్టు చూపిస్తూ.

"అది నిజమే. నిండా పోసినందుకు తిట్టాను, అయిపోయింది" అన్నాడు బాబా. "పగలగొట్టినవాడికి పడాల్సిన శిక్ష పోసినవాడికి ఎందుకు? శుక్రవారం విమానం ఎక్కు. రేపట్నించి నువ్వు తిరిగొచ్చేదాకా కూజా ఖాలిద్ పట్టుకుంటాడు. రోజూ. అందరికీ."

ఆరడుగుల ఖాలిద్ కాస్తా అయిదడుగులయ్యాడు. దుప్పట్ల చాటు నుంచి నాగేశ్వరి తల బయటపెట్టింది.

"బతికిపోయినావ్ పో అన్నా! ఒంటెనిచ్చే ఇంట్లో చుక్కను అడిగినోడివి నువ్వొక్కడివే! ఇంగ దిగు, పప్పు చల్లారిపోతాంది."

తర్వాత విన్నదేమిటంటే, ఖాలిద్ రోజూ కప్పులు నిండా పోసి, పెద్దమనుషుల్ని తొందరగా ఇళ్లకి పంపేసేవాడట. ఉస్తాద్ చెల్లెలికి బుధవారం ఫోను కలిసింది. ఇల్లు పోయిందనీ, మనుషులున్నారనీ చెప్పింది. ఆ రోజు ఖాలిద్ పోసిన కాఫీకి ఎవరూ వంక పెట్టలేదట.

శనివారం మధ్యాహ్నానికి సత్యనారాయణ ఇంటి వాకిట్లో దిగాడు. లక్ష్మీదుర్గ అతన్ని ఒక్క చూపు చూసి, గుండెలు పగిలేలా ఏడ్చి, ఫోను పట్టుకుని మంచం కింద దూరింది. "నాన్నా! బూచాడొచ్చాడు, వచ్చెయ్!" అని ఫోనుకి చెబుతోంది. చంద్రావతి నవ్వలేక, ఏడవలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాక్లెట్లు చూపించినా, అరబ్బు బొమ్మ చూపించినా ఆ పిల్ల బయటికి రాలేదు.

సత్యనారాయణ కాసేపు ఆలోచించి, పెరట్లోకి వెళ్లి జేబులోంచి ఫోను తీశాడు. మంచం కింద ఫోను మోగింది.

"నాన్నా, ఎక్కడున్నావ్? బూచాడు పోలేదు!"

"పోయాడమ్మా. పెరట్లోకి రా, నేనున్నాను."

చిన్న చిన్న అడుగుల చప్పుడైంది. గుమ్మం దగ్గర పిల్ల నిలబడింది, చెవికి ఫోను ఆనించుకుని. పెరట్లో ఆ బూచాడే, చెవికి ఫోను ఆనించుకుని. పిల్ల ఫోను వైపు చూసింది, అతని వైపు చూసింది. ఏడుపు మొదలుపెట్టబోతూ ఆగి, ఫోన్లోనే అడిగింది.

"నువ్వెవరు?"

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫోన్లోనే చెప్పాడు.

"నేనేనమ్మా."

ఆ మాట పిల్లకి రెండు చెవుల్లోనూ వినపడింది. ఫోను కింద పడేసి పరిగెత్తుకొచ్చింది.